చారలు చెట్టువి, రంగు మనది

మన ఆఫీసుల్లో ఇప్పుడు ప్రతి ఫ్లోరుకీ ఒక గిటార్ మనిషి ఉంటున్నాడు. బోనస్ రాగానే కొనే వస్తువుల్లో ఒకప్పుడు కెమెరా ఉండేది, ఇప్పుడు ఆ చోటు గిటార్‌ది. అందులోనూ ఎక్కువమంది మనసు పడేది ఒకే రకం మీద. పైన పులిచారల్లాంటి చారలు, వాటి మీద నీలమో ఎరుపో తేనెరంగో, ఆపైన అద్దంలాంటి మెరుపు. దాన్నే ఫ్లేమ్ మేపుల్ అంటారు. వాయించడం రాకపోయినా గోడకి తగిలించుకుని చూసుకునేవాళ్ళు నాకు నలుగురు తెలుసు :)

ఆ చారలు రంగుతో గీసినవని చాలామంది అనుకుంటారు. అవి చెట్టులోనే ఉంటాయి. రంగు చేసే పని వాటిని బయటపెట్టడం మాత్రమే. ఇంతవరకూ గిటార్ వాళ్ళకి తెలిసిన సంగతే. నేను చెప్పదల్చుకున్నది దీని తర్వాతి సంగతి. అలాంటి చారలున్న కర్రా, ఆ కర్ర మీద వేయదగ్గ రంగూ రెండూ మా కడప జిల్లా కొండల్లో ఒకే చెట్టులో ఉన్నాయి. మనం దాన్ని టన్నుల లెక్కన దుంగలుగా అమ్ముకుంటున్నాం. నా దృష్టిలో ఇది తెలివితక్కువ వ్యాపారం, దాంట్లో ప్రాణాలు కూడా పోతున్నాయి. ఎలాగో చెప్తాను. టపా కాస్త పెద్దదే, టీ పక్కన పెట్టుకోండి.

ముందు నా అర్హతలు. మాది ఎర్రగుంట్ల. ఊరి చుట్టూ నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. చిన్నప్పట్నుంచీ రాయిని అరగదీసే చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి. ఇప్పుడు బెంగుళూరులో కోడు రాసుకుంటున్నాను. రెండేళ్ళపాటు శని ఆదివారాలు బాల్కనీలో కూర్చుని ఒక గిటార్ బాడీ తయారు చేశాను. పైచెక్క మేపుల్. దానికి రంగు వేయడానికే మూడు నెలలు పట్టింది.

మేపుల్ మన నేల చెట్టు కాదు. గిటార్లకి వాడేది ఉత్తర అమెరికా నుంచి, వయొలిన్లకి వాడేది ఎక్కువగా యూరప్ నుంచి వస్తుంది. కర్ర మీగడ రంగులో ఉంటుంది. మామూలు మేపుల్‌లో నార తిన్నగా నడుస్తుంది. కొన్ని చెట్లలో మాత్రం అలలు అలలుగా పెరుగుతుంది. అలాంటి కర్రని నిలువునా కోసి చిత్రిక పడితే, అల పైకి లేచిన చోట నార కొసలు తెగి కనిపిస్తాయి, అల వాలిన చోట నార పడుకుని ఉంటుంది. పడుకున్న నార వెలుతురుని తిప్పికొడుతుంది. తెగిన కొసలు వెలుతురుని మింగుతాయి. అందుకే ఒక చార తెల్లగానూ పక్క చార నల్లగానూ కనబడుతుంది. ఆ ముక్కని చేతిలో కొంచెం వంచండి. తెల్లచార నల్లబడుతుంది, నల్లచార తెల్లబడుతుంది. పట్టుచీర మడతలో రంగు మారినట్టే. ఈసారి కచేరీకి వెళ్తే వయొలిన్ వెనకవైపు చూడండి, అక్కడ అడ్డంగా కనిపించే చారలు ఇవే.

ఇక రంగు సంగతి. కర్రకి రంగు వేసే పదార్థాలు రెండు జాతులు. ఒకటి పిగ్మెంట్. ఇది మెత్తటి పొడి, కర్ర మీద కూర్చుంటుంది. మన తలుపులకి వేసే పెయింట్ ఈ జాతిది. రెండోది డై. ఇది నీళ్ళలోనో స్పిరిట్‌లోనో పూర్తిగా కరిగిపోయి నారలోకి ఇంకుతుంది. చారల కర్రకి పిగ్మెంట్ వేస్తే చారల మీద బురద పూసినట్టుంటుంది. డై వేస్తే తెగిన కొసలు ఎక్కువ తాగుతాయి, పడుకున్న నార తక్కువ తాగుతుంది. రంగులో తేడా దానంతటదే వస్తుంది.

పని వరస ఇలా ఉంటుంది. చెక్కని 180 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 220 దాకా, నార వెంబడే రుద్దాలి. అడ్డంగా ఒక్క గీత పడినా రంగు వేశాక అది అరిచి చెప్తుంది. తర్వాత తడిగుడ్డతో ఓసారి తుడిచి ఆరనివ్వాలి. తడికి నార నూగులా పైకి లేస్తుంది, దాన్ని మళ్ళీ తేలిగ్గా రుద్దేయాలి. జిగురు మరక ఎక్కడైనా ఉంటే ఈ దశలోనే తీసేయాలి, జిగురున్న చోట డై ఎక్కదు. అప్పుడు మొదటి కోటు. మీకు కావలసింది నీలం గిటారైనా మొదటి కోటు పల్చటి నలుపో ముదురు గోధుమో వేస్తారు. చెక్కంతా మసి పూసినట్టు తయారవుతుంది, చూస్తే ఏడుపొస్తుంది. ఆరిన తర్వాత 220తోనో 320తోనో మళ్ళీ రుద్దాలి. పడుకున్న నార మీద రంగు పైపైనే ఉంటుంది కాబట్టి లేచిపోతుంది. కొసల్లోకి ఇంకిన రంగు అక్కడే ఉండిపోతుంది. ఇప్పుడు అసలు రంగు వేస్తే చారలకి లోతు వస్తుంది.

నీళ్ళ డై మెల్లగా ఆరుతుంది, సర్దుకోవడానికి టైమిస్తుంది. స్పిరిట్ డై చప్పున ఆరుతుంది, చెయ్యి ఆగిన చోట మరక పడుతుంది. ఆపైన మెరుపు. లక్క, నైట్రోసెల్యులోజ్ లాకర్, పాలీయురేథేన్, నూనె, దేని గుణం దానిది. స్పిరిట్ డై మీద లక్కని గుడ్డతో పూస్తే లక్కలోని స్పిరిట్ కింద రంగుని మళ్ళీ కరిగించి లాగేస్తుంది. అందుకే మొదటి పూతలు స్ప్రే చేస్తారు, లేదా కింద నీళ్ళ డై వాడతారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. ఈమధ్య గిటార్లలో ఆ మొదటి నలుపు మరీ ఎక్కువైపోయింది. ఫోటోలో బాగా పడాలని నల్లచారల్ని బొగ్గులా చేసేస్తున్నారు. అంత నలుపు తాగిన కొస ఇక ఏ కోణంలోనూ వెలుతురివ్వదు. గిటార్ వంచితే చార కదలదు, జీబ్రా గుర్రం మీది గీతలా అక్కడే ఉండిపోతుంది. మంచి అద్దకానికి నా పరీక్ష ఒకటే: వంచినప్పుడు చార కదలాలి. దొంగ చారల్ని పట్టుకోవడానికి కూడా ఇదే పరీక్ష. 1990ల్లో జపాన్‌లో తయారైన కొన్ని ఫెండర్ గిటార్ల మీద చారల బొమ్మని ముద్రించేవాళ్ళు, దానికి ఫోటో ఫ్లేమ్ అని పేరు. దూరానికి అచ్చం మేపులే. చేతిలోకి తీసుకుని వంచితే చారలు కదలవు. మన భాషలో చెప్పాలంటే కింద ఏమీ లేకుండా వేసిన స్కిన్.

నేను రంగులు వేసి చూసిన ముక్కల్ని ఓసారి ఎర్రగుంట్ల తీసుకెళ్ళాను. మా మామకి బండల పాలిష్ యూనిట్ ఉంది. ముక్కని అటూఇటూ తిప్పి చూసి అన్నాడు. "రంగుదేముంది అల్లుడూ, అరగదీసేది సక్రంగా అరగదీసినావా లేదా అది జూడు. మా బండ గూడ అంతే. నీళ్ళు బోస్తే దాంట్లో ఉండే రంగంతా కనపడ్తాది. ఆరిపోతే తెల్లగా అయిపోతాది. పాలిషంటే ఏమనుకున్నావు, ఆ తడి ఆరకుండా జేసేదే."

ఇంతకంటే బాగా ఈ విషయం చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. గరుకు ఉపరితలం వెలుతురుని నలువైపులా చెదరగొడుతుంది, అందుకే ఆరిన బండ పాలిపోయి కనిపిస్తుంది. తడి ఆ గరుకుని పూడుస్తుంది. బండకైతే ఆ పని ఒకదాని తర్వాత ఒకటి నున్నటి గ్రిట్‌తో అరగదీయడం చేస్తుంది, కర్రకైతే లక్క చేస్తుంది. గరుకు నాపరాయికీ పాలిష్ పట్టిన కడప బండకీ ధరలో తేడా ఈ పనిదే. ఇది మా ఊళ్ళో చదువురానివాళ్ళకి కూడా తెలుసు. రాయి విషయంలో తెలిసిన ఈ చిన్న లెక్క కర్ర విషయంలో ప్రభుత్వానికి ఎందుకు తట్టదన్నదే నా గోల.

కర్ర దగ్గరికి వెళ్ళేముందు ఎరుపు రంగు కథ ఒకటి. గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ గిటార్‌ని 1952లో తెచ్చింది. పైచెక్క మేపులే, కానీ దాన్ని బంగారు రంగు పెయింటుతో కప్పేసేవాళ్ళు. కింద చారలున్నాయో లేదో ఎవరికీ పట్టలేదు. 1958లో రంగు మార్చారు. నడుమ పసుపు, అంచుల్లో ఎరుపు, కింద కర్ర కనిపించేలా. అప్పుడు కొన్ని గిటార్లకి అదృష్టవశాత్తూ చారలు బయటపడ్డాయి. ఆ ఎరుపు ఎండకి ఆగలేదు. కిటికీ పక్క పెట్టినవి కొన్నేళ్ళకే తేనెరంగుకి వెలిసిపోయాయి. 1960లో వెలవని ఎరుపుకి మారారు. 1958 నుంచి 1960 దాకా వచ్చిన ఆ దాదాపు 1,500 గిటార్లు ఇవాళ ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఎలక్ట్రిక్ గిటార్లలో ఉన్నాయి. వెలిసిపోయిన తీరుని బట్టి వాటికి ముద్దుపేర్లు కూడా పెట్టుకున్నారు.

ఇలాంటి ప్రయోగశాల ఎరుపులు రాకముందు యూరప్ కర్రపనివాళ్ళు లక్క వార్నిష్‌కి ఎరుపు ఎక్కడినుంచి తెచ్చుకునేవాళ్ళు? కొంత ఎరుపు మా దగ్గర్నుంచే. పాత స్పిరిట్ వార్నిష్‌ల తయారీ పద్ధతుల్లో ఎర్రచందనం పేరు కనిపిస్తుంది. అంతకు చాలా ముందు, మధ్యయుగాల ఇంగ్లాండులో వంటకాలకి ఎర్రరంగు కోసం దీని పొడి వాడేవాళ్ళు, సాండర్స్ అనేవాళ్ళు. కోరమాండల్ తీరం నుంచి ఓడల్లో పోయిన సరుకుల్లో ఎర్రచందనం ఒకటి. ఆ ఎరుపునిచ్చే పదార్థం శాంటలిన్. నీళ్ళలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. అంటే పుట్టుకతోనే స్పిరిట్ డై అన్నమాట. 1856లో పెర్కిన్ అనే 18 ఏళ్ళ కుర్రాడు లండన్‌లో మొదటి కృత్రిమ రంగు తీశాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో చెట్ల రంగుల వ్యాపారం కూలిపోయింది. మన నీలిమందుకి పట్టిన గతే దీనికీ పట్టింది.

రంగు గిరాకీ పోయినా చెట్టుకి గిరాకీ పోలేదు. కారణం మళ్ళీ చారలే. మనలో చాలామందికి ఎర్రచందనమంటే 2021లో వచ్చిన పుష్ప సినిమా, పేపర్లో దుంగల పక్కన నిలబెట్టిన మనుషుల ఫోటో. ఆ దుంగలు చివరికి ఏమవుతాయో ఆలోచించేవాళ్ళు తక్కువ. కొంత చైనాలో ఫర్నిచర్ అవుతుంది. ఇంకొంత జపాన్ చేరి షామిసెన్ అవుతుంది. షామిసెన్ వాళ్ళ మూడు తీగల వాయిద్యం. దాని మెడకి అన్నిటికన్నా శ్రేష్ఠమని వాళ్ళు ఎంచుకున్న కర్ర ఎర్రచందనం, వాళ్ళ భాషలో కోకి. అందులోనూ నార అలలుగా నడిచిన ముక్కకి ఇంకా విలువ. ఆ అలకి వాళ్ళ పనివాళ్ళ భాషలో విడిగా ఒక పేరే ఉంది, తోచి అంటారు. అంటే ఫ్లేమ్ మేపుల్ కోసం గిటార్ వాళ్ళు పడి చచ్చినట్టే, అలల ఎర్రచందనం కోసం షామిసెన్ వాళ్ళు.

తేడా ఒకటుంది. మేపుల్‌కి రంగు బయటినుంచి వేయాలి. ఎర్రచందనానికి రంగు లోపలే ఉంది. చేవ అంతా ఎరుపే. నీళ్ళలో వేస్తే మునిగేంత బరువు. నున్నగా రుద్ది మెరుగు పెడితే చాలు, చార దానంతటదే పలుకుతుంది. చారా రంగూ ఒకే కర్రలో ఇచ్చిన చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే: శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, నల్లమలలో కొంత, సరిహద్దు దాటి తమిళనాట కాస్త. మా ఎర్రగుంట్ల బండల నేలలో అది లేదు, కానీ కడప దాటితే ఆ కొండలు కనిపిస్తాయి.

ఇప్పుడు దీనికి చెల్లిస్తున్న ధర చూడండి. దుంగ లోపల అల ఉందో లేదో బెరడు చూసి తేల్చడం కష్టం. అల కోసం వెతికేవాడు ఒక్క చెట్టుతో ఆగడు. నరికేవాళ్ళు ఎక్కువగా తమిళనాడు కొండ ఊళ్ళ కూలీలు. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ అధికారుల్ని స్మగ్లర్ల ముఠా చంపింది. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. అది ఎన్‌కౌంటరా ఇంకేమైనానా అన్న వాదన కోర్టుల దాకా వెళ్ళింది. ఒక వాయిద్యం మెడ మీద చారలు అందంగా ఉండటానికీ ఆ 22 మందికీ మధ్య ఎంతమంది దళారులున్నారో లెక్కపెట్టుకోండి. చెట్టు ఉన్న చోట మిగిలేది కూలి, కేసు, లేకపోతే శవం. డబ్బు మాత్రం మెరుగుపెట్టేవాడి దగ్గర పోగవుతోంది.

పట్టుబడ్డ దుంగల్ని మన ప్రభుత్వం గోదాముల్లో పేర్చింది. అవి వేల టన్నులు. కేంద్రం అనుమతితో 2014 నుంచి ఈ-వేలాలు పెడుతోంది. గ్రేడ్ వేసి, లాట్లు కట్టి, టన్ను ఇంత అని అమ్ముతోంది. వేలం పాడేది పెద్ద ఎగుమతిదారులు. మన సీమ వడ్రంగి ఆ వేలంలో నిలబడలేడు, ఆయనకి కావలసింది టన్ను కాదు, మూరెడు ముక్క.

చట్టం అడ్డం కదా అంటారేమో. అసలు తమాషా అక్కడే ఉంది. 1995 నుంచి ఎర్రచందనం సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. ఆ అనుబంధం ఈ చెట్టు విషయంలో పట్టించుకునేవి నాలుగు: దుంగలు, చెక్కపేళ్ళు, పొడి, సారం. తయారైన వాయిద్యం ఆ జాబితాలో లేదు. మన దేశపు ఎగుమతి నిబంధనలు ఇంకా కఠినం, అడవి కర్రని ఏ రూపంలోనూ పంపకూడదంటాయి. కానీ అవే నిబంధనలు, చట్టబద్ధంగా కొన్న ఎర్రచందనంతో చేసిన కొన్నిటికి లైసెన్సు మీద దారి వదిలాయి. ఏవేవో తెలుసా? సారం, రంగులు, సంగీత వాయిద్యాలు, వాయిద్యాల భాగాలు. నేను కల్పించింది కాదు, ఢిల్లీలో ఎవరో గుమాస్తా ఎప్పుడో టైపు చేసిన వరస అది. అద్దకం వాడూ, వాయిద్యం చేసేవాడూ ఇద్దరూ ఆ కాగితం మీద ఉన్నారు. మా జిల్లాలో తిరిగితే మాత్రం నాకు ఇద్దరూ కనపడలేదు.

ఇక లెక్క. మనకి లెక్కలంటే ఇష్టం కదా. గిటార్ ఫింగర్‌బోర్డు ఉజ్జాయింపుగా 50 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు, 7 మిల్లీమీటర్ల మందం. ఎర్రచందనంతో చేస్తే బరువు 270 గ్రాముల దరిదాపు. ఒక టన్ను కర్రలో మూడొంతులు కోతలో, రుద్దడంలో పోయిందనుకున్నా 900 ఫింగర్‌బోర్డులు వస్తాయి. పోయిన మూడొంతుల పొట్టు కూడా వృథా కాదు, అది రంగు ముడిసరుకు. స్పిరిట్‌లో నానబెడితే చాలు. ఇప్పుడు టన్ను దుంగకి వేలంలో వచ్చేది ఒక చెక్కు. ఇలా చేస్తే 900 వస్తువులు, వాటి వెనక కొన్ని వేల గంటల చేతిపని.

ఈ మాట మనకి కొత్తగా ఉండకూడదు. ముప్పై ఏళ్ళుగా మన ఐటీ కంపెనీలు గంటలు అమ్ముకుంటాయని, సొంత ప్రొడక్టు చేయవని సభల్లో, క్యాంటీన్లలో చర్చించుకుంటూనే ఉన్నాం. దుంగలు అమ్మడం దానికంటే ఘోరం. అక్కడ కనీసం గంటకింత అని చెయ్యి ఆడినవాడికి జీతం వస్తుంది.

నాకు తోచిన పరిష్కారం ఇది. పెద్ద పథకమేమీ కాదు.

1. కొత్తగా ఒక్క చెట్టు కూడా నరకొద్దు. గోదాముల్లో ఉన్నదే చాలు. ప్రతి వేలంలో ఒక చిన్న భాగాన్ని, ముఖ్యంగా అలల కర్రని, పక్కన పెట్టాలి. దాన్ని ప్రభుత్వమే వాయిద్య భాగాల కొలతలకి కోయించి, ముక్క మీద నంబరు వేసి, ముక్కల లెక్కన అమ్మాలి. కిలో లెక్కన వద్దు.

2. కొనడానికి చేతులు ముందే ఉన్నాయి. తిరుపతి దగ్గర మాధవమాలలో కొయ్య చెక్కేవాళ్ళున్నారు. బొబ్బిలిలో పనసకర్రతో వీణలు చేసేవాళ్ళున్నారు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్కతో చెట్ల రంగులు ఎక్కించేవాళ్ళున్నారు. ఆ రంగుల మీద దశాబ్దాలు పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. చెక్కడం ఒక చోట, వాయిద్యం ఒక చోట, రంగు ఒక చోట ఉంది. మూడూ కలిసే చోటు లేదు.

3. ఆ చోటు కడపలో పెట్టొచ్చు. 2020 నుంచి అక్కడ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఏడాది కోర్సు, పది బల్లలు, ఒక లక్క పాలిష్ గది. వాయిద్యపు కర్ర కోత, అద్దకం, మెరుగు. అంతే.

అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది: తలుపు కొంచెం తెరిస్తే రేపు ప్రతి దుంగకీ నాలుగు తీగలు కట్టి ఇది గిటార్ అంటారు. నిజమే, మనవాళ్ళు అనగలరు :) అందుకే ప్రభుత్వం దుంగ ఇవ్వకూడదు, కోసిన ముక్కే ఇవ్వాలి అంటున్నాను. 7 మిల్లీమీటర్ల పలకలోంచి దుంగని మళ్ళీ ఎవడూ తయారు చేయలేడు. ముక్క నంబరు లేకపోతే దొంగ సరుకే. కొలతలు స్పష్టంగా రాయకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2011లో అమెరికాలో గిబ్సన్ ఫ్యాక్టరీల మీద దాడులు జరిగి, మన దేశం నుంచి వెళ్ళిన రోజ్‌వుడ్, ఎబొనీ ఫింగర్‌బోర్డు ముక్కల్ని పట్టుకున్నారు. వివాదమంతా ఆ ముక్క మన చట్టం ప్రకారం తయారైన భాగమా, కోసిన కర్రా అన్నదే. 2012లో మడగాస్కర్ ఎబొనీ విషయంలో కంపెనీ మూడు లక్షల డాలర్ల జరిమానా కట్టి బయటపడింది. మన దేశపు ముక్కల ప్రశ్న మాత్రం తేలకుండానే మిగిలింది. కాబట్టి ఎంత మందం, ఎంత పొడవు, ఏ దశ దాటితే "భాగం" అవుతుందో ముందే రాసిపెట్టుకోవడం మనకే మంచిది.

రెండో అభ్యంతరం: ఇది పది మంది పని, దీంతో స్మగ్లింగ్ ఆగుతుందా? ఆగదు. దాన్ని ఆపాల్సింది పోలీసులు, కోర్టులు, తమిళనాడు కొండ ఊళ్ళలో బతుకుతెరువు. నేను చెప్పేది వేరు. పట్టాభూముల్లో పెంచిన ఎర్రచందనం ఎగుమతికి 2019లో దారి తెరిచారు. 2023 నవంబరులో సైటీస్ మన దేశాన్ని ప్రత్యేక సమీక్ష జాబితాలోంచి తీసేసింది. నాటిన చెట్టులో చేవ ముదరడానికి 20, 25 ఏళ్ళు పడుతుంది కాబట్టి, ఇప్పుడు నాటిన రైతుల కర్ర 2045, 2050 ప్రాంతంలో సంతకి వస్తుంది. ఆరోజుకి మన దగ్గర మెరుగు తెలిసిన చేతులు లేకపోతే ఆ రైతు కూడా దుంగే అమ్ముతాడు, అదే దళారికి, వాడు చెప్పిన ధరకి. వడ్రంగికి చెయ్యి కుదరడానికి పదేళ్ళు పడుతుంది. అంటే మొదలుపెట్టాల్సింది ఇప్పుడే.

మూడో అభ్యంతరం మన గిటార్ మిత్రులది: ఎర్రచందనంతో గిటార్ మోత బాగుంటుందా? షామిసెన్ వాళ్ళు ఎన్నో తరాలుగా దాన్నే శ్రేష్ఠమంటున్నారు. ఫింగర్‌బోర్డుకి కావలసింది గట్టిదనం, బరువు, నున్నదనం, అవి దీనికి ఉన్నాయి. మొత్తం బాడీ దీంతో చేస్తే మాత్రం భుజం పడిపోతుంది, ఆ ఆశ వదులుకోండి.

మీరేం చేయొచ్చంటే, కొనే గిటార్ గురించి షాపువాడిని రెండు ప్రశ్నలు అడగండి. చార కర్రదా, ముద్రా? ఫింగర్‌బోర్డు కర్ర ఎక్కడిది, కాగితముందా? అడిగేవాళ్ళు పెరిగితే జవాబు చెప్పేవాళ్ళు తయారవుతారు. ఇంకో పని కూడా ఉంది. మీ ఊళ్ళో స్పిరిట్‌లో లక్క కరిగించి గుడ్డతో పాలిష్ పట్టడం తెలిసిన పాత వడ్రంగి ఎవరైనా ఇంకా ఉంటే, ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు ఆయన దగ్గర ఒక పూట కూర్చోండి. గుడ్డ ఎలా మడుస్తాడో, స్పిరిట్ ఎంత కలుపుతాడో, ఎన్ని పూతలు వేస్తాడో రాసుకోండి, వీలైతే వీడియో తీయండి. మా ఎర్రగుంట్లలో బండకి మెరుగు పెట్టేవాళ్ళు వందలమంది ఉన్నారు. కర్రకి పెట్టే మనిషి కోసం నేనింకా వెతుకుతున్నాను.